విల్లు మీద అంకె

మార్చి 1, శనివారం

ఈ నోటుపుస్తకం చెక్క గురించి. భుజం గురించి కాదు. ఆ మాట ముందే రాసి పెట్టుకుంటే తర్వాత గొడవ ఉండదు.

మూడేళ్ళుగా అటక మీద ఆరుతున్న మల్బరీ దుంగను ఇవాళ కిందికి దింపాను. దింపాను అంటే, నేను నిచ్చెన పట్టుకున్నాను, మా ఆవిడ ఎక్కి దింపింది. కిందటి వానాకాలంలో ఆ నిచ్చెనే నన్ను కింద పడేసింది. దాని మీద ఎవరో ఒకరు కన్నేసి ఉంచాలి కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకున్నాను.

ఈసారి విల్లు నా కోసమే. ముప్ఫై ఏళ్ళుగా అడిగినవాళ్ళకల్లా చేసిపెడుతున్నాను. నాకోసం చేసుకుని పదేళ్ళు దాటింది. ముప్ఫయ్యో తారీకున మైదానంలో ఏటా జరిగే బాణాల పోటీ ఉంది. దూరపు గీత దగ్గర నేనూ మా బావమరిదీ ఇరవై ఒక్క ఏళ్ళుగా పక్కపక్కన నిలబడుతున్నాం. పదకొండుసార్లు నేను గెలిచాను, పదిసార్లు వాడు. వాడు పళ్ళ డాక్టరు. రోజంతా నోరు తెరిచిన మనుషుల ముందు తానొక్కడే మాట్లాడీ మాట్లాడీ, ఎదుటివాడు జవాబు చెబితే విసుక్కునే స్థితికి వచ్చాడు. అలాంటివాడితో లెక్క సమం కావడం నేను బతికుండగా జరగదు.

"పాత విల్లుకు ఏమొచ్చింది?" అంది ఆవిడ.

"పగులొచ్చింది."

కళ్ళజోడు పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరదాకా చూసింది. "ఎక్కడండీ?"

"లోపల."

"లోపలి పగులు మీకెలా కనిపించింది?"

"ముప్ఫై ఏళ్ళ అనుభవం."

ఆవిడ విల్లునూ, నన్నూ, నా కుడి భుజాన్నీ వరసగా చూసి లోపలికి వెళ్ళిపోయింది. పాత విల్లు లాగుడు బరువు ఇరవై రెండు కిలోలు. పగులు మాట నిజమే. దాదాపు నిజమే.

మార్చి 2

కొత్తది ఇరవై కిలోలు ఉండాలి. నారిని చివరిదాకా లాగి పట్టుకున్నప్పుడు వేళ్ళ మీద పడే బరువు అది. దూరపు గీతకు పదహారు చాలు గానీ పదహారుతో నిలబడితే పళ్ళ డాక్టరు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతాడు. పదహారుకు తగ్గితే దగ్గరి గీతకు పొమ్మంటారు. అక్కడ పిల్లలూ, కొత్తగా నేర్చుకునేవాళ్ళూ, మోకాళ్ళు పట్టుకుని మూలిగేవాళ్ళూ, మా ఆవిడా ఉంటారు. ఆవిడకు ఆరేళ్ళ కిందట పదకొండు కిలోలది చేసిచ్చాను. ఏటా ఏదో ఒకటి గెలుచుకొస్తుంది. ఇంట్లో ఇప్పుడు నాలుగు ఫ్లాస్కులున్నాయి, పోసుకోవడానికి ఇద్దరమే ఉన్నాం.

బాడిసతో చెక్కడం మొదలుపెట్టాను. మధ్యలో పిడి, అటొక రెక్క, ఇటొక రెక్క. ఎడమచేత్తో ఎక్కువ పని చేస్తున్నాను. మనిషికి మార్పు మంచిది.

మార్చి 4

చిత్రిక పట్టాను. ఇల్లంతా పొట్టు. ఆవిడ చీపురు నాకిచ్చింది.

మార్చి 5

భుజం గురించి రాయనన్నాను. ఇది వేడి గురించి, కాబట్టి రాయొచ్చు.

వ్యాయామం చేయించే అమ్మాయి దగ్గరికి ఆవిడ నన్ను బలవంతాన లాక్కెళ్ళింది. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. వేడి మూట తెచ్చి భుజం మీద పావుగంట పెట్టింది. తర్వాత మూట తీసి, చల్లారేలోపు నా చెయ్యి పట్టుకుని వంచడం మొదలుపెట్టింది. నాకు ఆశ్చర్యం వేసింది. అచ్చంగా నేను చెక్కకు చేసేదే ఇది. చెక్కను బిగించే క్లాంపులు ఒక్కటే తక్కువ.

"నొప్పిగా ఉందా అంకుల్?"

"లేదమ్మా."

"మరి నా చెయ్యి ఎందుకు గిల్లుతున్నారు?"

ఇంకో ఆరునెలలు బరువులు లాగొద్దంది. చిన్నపిల్ల, దానికేం తెలుసు. సరేనన్నాను.

మార్చి 6

ఈ రోజు జరిగింది ఈ పుస్తకం దాటి బయటికి పోకూడదు.

రెక్కల చివర్లు జానెడు మేర ముందుకు వంగి ఉంటే బాణం జోరుగా పోతుంది. అలా వంచడానికి చెక్కను ఆవిరి పట్టాలి. పెరట్లో పొయ్యి మీద పెద్ద డేగిసా పెట్టి, మూత పక్క నుంచి రెక్క చివర లోపలికి దూర్చి, చుట్టూ తడిగుడ్డ కుక్కాను. ముప్పావుగంట. ఆవిరిలోంచి బయటికి తీశాక చెక్క మన మాట వినేది అరనిమిషమే. ఆ అరనిమిషంలో అచ్చు మీద పెట్టి, వంచి, క్లాంపులు బిగించెయ్యాలి. ఆవిడ గడియారం చూస్తూ నిలబడింది. పై రెక్క వెన్నలా వంగింది. నాకు ఈల వెయ్యాలనిపించి వేశాను కూడా.

అది చల్లారాక విల్లును తిప్పి కింది రెక్కకు ఆవిరి పెట్టాను. మళ్ళీ ముప్పావుగంట, మళ్ళీ అరనిమిషం, మళ్ళీ ఈల.

విల్లుకు వీపూ పొట్టా ఉంటాయి. పొట్ట మనవైపు, వీపు గురివైపు. వంచే ముందు వీపు మీద సుద్దతో గీత పెట్టుకోమని నా దగ్గర నేర్చుకున్న ప్రతివాడికీ చిలక్కి చెప్పినట్టు చెబుతాను. నాకెందుకు గీత? ముప్ఫై ఏళ్ళ అనుభవం.

క్లాంపులు విప్పి విల్లును గోడకు ఆనించాను. పై చివర గురివైపు చూస్తోంది. కింది చివర నావైపు చూస్తోంది.

ఆవిడ ఆ చివరా ఈ చివరా మార్చి మార్చి చూసింది. చివరికి, "ఇది కొత్త రకమా అండీ?" అంది.

"ఆ."

"బాణం వేస్తే సగం దూరం పోయి వెనక్కి వస్తుందా?"

మార్చి 7

కింది రెక్కను మళ్ళీ ఆవిరి పట్టి, ముందు తిన్నగా చేసి, మళ్ళీ పట్టి, ఇటు వంచాను. మూడుసార్లు ఉడికిన చెక్క ఎలా ఉంటుందో ఇంతకుముందు నాకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. ఆవిడ పొద్దున్నే లేచి వీపు మీద సుద్దతో పెద్ద అక్షరాలతో "ఇటు" అని రాసి, బాణం గుర్తు కూడా వేసింది. పని అయ్యాక చెరిపేశాను. చెరిపింది పని అయ్యాకనే.

మార్చి 8

ఆరుతోంది.

మార్చి 9

ఆరుతోంది. బట్టలారేసే తాడు కింద పెట్టాను. ఆవిడ దుప్పటి నుంచి దాని మీద నీళ్ళు కారాయి. మాటా మాటా పెరిగింది.

మార్చి 11

బావమరిది వచ్చాడు. రాగానే, "ఏదీ బావా, ఆ అటూ ఇటూ చూసే విల్లు?" అన్నాడు. ఈ ఇంట్లో రహస్యానికి పూచీ లేదు.

విల్లును వెలుగుకు పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. "కింది దవడ పక్కకు జరిగింది బావా. క్లిప్పు వెయ్యాలి."

అన్నది వాడు కాబట్టి ఒప్పుకోలేదు గానీ మాట నిజమే. మూడు ఉడుకుల దెబ్బకు కింది రెక్క ఎడమకు తిరిగింది. నారి కడితే పిడి మధ్యలోంచి పోవాల్సింది వేలెడు పక్కగా పోతుంది.

"భుజం ఎలా ఉంది?" అన్నాడు వెళ్తూ వెళ్తూ.

"దానికేం, రాయిలా ఉంది."

"రాయిలా ఉంటేనే బాధ బావా," అన్నాడు. వాడికి పళ్ళు తప్ప ఏమీ తెలియదు.

మార్చి 14

ఎడమకు పోయిన రెక్కను వేడితో తిప్పాను. ఇది ఆవిరి పని కాదు, పొడి వేడి పని. చెక్క మాడకుండా నూనె రాసి, వేడిగాలి గన్నుతో జానెడు మేర ముందుకూ వెనక్కూ ఆడిస్తూ కాచాలి. అవతలి వైపు చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే అప్పుడు చెక్క మెత్తబడుతుంది. పిడిని బల్లకు బిగించి, రెక్క చివరకు సంచీ కట్టి, సంచీలో ఇస్త్రీపెట్టె వేశాను. ఆ బరువుకు రెక్క మెల్లగా కుడికి వచ్చింది. తర్వాత చెయ్యాల్సిన పని అన్నిటికన్నా కష్టం. ఏమీ చెయ్యకుండా కూర్చోవాలి. లోపల చల్లారేదాకా ముట్టుకోకూడదు.

పావుగంటకే ముట్టుకున్నాను. సంచీ విప్పాను. రెక్క నా కళ్ళ ముందే మళ్ళీ ఎడమకు వెళ్ళిపోయింది.

రెండోసారి కాచి సంచీ కట్టగానే ఆవిడ నా ఎడమచెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది. టీ తెచ్చింది. ఫ్లాస్కులో తెచ్చింది, రెండు గ్లాసులూ, పక్కనే ఇంకో ఫ్లాస్కూ. ఇక లేచే పనిలేదని అర్థమైంది.

"నీకు ఇస్త్రీ పని లేదా?" అన్నాను.

"ఇస్త్రీపెట్టె ఉరేసుకుని ఉంది కదా."

గంటన్నర కూర్చున్నాం. ఏమేమో మాట్లాడుకున్నాం. పదిహేను రోజుల్లో అంతసేపు కూర్చున్నది ఇదే. రెక్క తిన్నగా నిలిచింది.

మార్చి 16

పొట్ట వైపంతా సన్నని వేడి పెట్టి కాఫీగింజ రంగు వచ్చేదాకా కాల్చాను. దాంతో చెక్క గట్టిపడుతుంది. గోడకు బిగించి, నారికి తాడు వేసి, కప్పీ మీద నుంచి లాగి, స్ప్రింగు త్రాసుతో తూచాను. ఇరవై కిలోలు. ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు! మూడుసార్లు ఉడికీ, మూడుసార్లు కాలీ ఇరవై కిలోలు నిలిచిందంటే అది నా చెయ్యి.

గోడ మీద పూర్తి లాగుడుకు, అంటే నారి ఇరవై ఎనిమిది అంగుళాలు వెనక్కి వచ్చేదాకా, అందంగా వంగింది. చేతిలోకి తీసుకుంటే పన్నెండు అంగుళాల దగ్గర ఆగిపోయింది. కొన్ని చెక్కలు కొత్తలో అలాగే ఉంటాయి. మనిషికి అలవాటు పడాలి.

మార్చి 17

ఇంకా అలవాటు పడలేదు.

మార్చి 18

పై రెక్క కొంచెం గట్టిగా ఉన్నట్టు అనిపించి గీకుడు రేకుతో నాలుగు పొరలు తీశాను. అప్పుడు కింది రెక్క గట్టిగా అనిపించింది. దాన్నీ తీశాను. పందొమ్మిది. ఒక కిలో పోతే ఏమైంది.

మార్చి 19

పై రెక్క మళ్ళీ గట్టిగా అనిపిస్తోంది. పదిహేడున్నర. చేతిలో పదిహేను అంగుళాలు.

ఆవిడ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నేల మీద పొట్టు చూసింది. "అది సన్నబడుతోందా, మీరు లావెక్కుతున్నారా?" అంది.

"రెండు రెక్కలూ సమంగా వంగాలి. సమం చేస్తున్నాను."

"నాకు సమంగానే కనిపిస్తోంది."

"నీకు అనుభవం లేదు."

మార్చి 20

పదహారు. ఇంక రేకు ముట్టుకోను. పదహారంటే పదహారే. పెట్టెలో పెట్టి తాళం వేశాను.

మార్చి 21

రేకు కొంచెం జారింది. పదిహేనున్నర.

మార్చి 22

త్రాసు పాతబడింది. దాన్ని నమ్మడానికి లేదు. పది కిలోల పిండి సంచీ తగిలించి చూశాను, పది చూపించింది. పిండి సంచీ వరకు బాగానే ఉంది, విల్లు దగ్గరికి వచ్చేసరికే తక్కువ చూపిస్తోంది.

పద్నాలుగు.

మార్చి 23

భుజం అమ్మాయి రబ్బరు పట్టీ ఇచ్చి లాగమంది. లాగాను. "చాలా బాగుంది అంకుల్! అది పిల్లలకిచ్చే పట్టీ, అయినా బాగా లాగారు," అంది. పట్టీని జేబులో దాచుకుని ఇంటికొచ్చాను.

మార్చి 24

రాయాలి. ఎవరూ చదవని పుస్తకంలో కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

పాత విల్లుకు పగులు లేదు. పై రెక్క గట్టిగా లేదు, కింది రెక్కా గట్టిగా లేదు. రెండూ మొదటి రోజు నుంచీ సమంగానే వంగుతున్నాయి. రేకు జారలేదు. త్రాసుకు ఏ జబ్బూ లేదు. నేను లాగలేకపోతున్నాను. ఎనిమిది నెలలుగా లాగలేకపోతున్నాను. లాగలేనన్న మాట అనడం ఇష్టం లేక రోజుకింత చెక్క గీకి నేల మీద పోస్తున్నాను.

ఇది పొద్దున రాసింది.

మధ్యాహ్నం ఇంకో రెండు కిలోలు గీకాను, ఈసారి తెలిసే గీకాను. పెరట్లోకి తీసుకెళ్ళి నిలబడి లాగాను. పన్నెండు, పదహారు, ఇరవై, ఇరవై నాలుగు అంగుళాలు. భుజం మూలిగింది గానీ ఆగలేదు. ఇరవై ఎనిమిది. నారి వచ్చి చెంపకు తగిలింది.

ఆ నారి చెంపకు తగిలి ఎనిమిది నెలలైంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముక్కు కూడా కారింది. చాలా సంతోషం వేసింది, అంతకన్నా వేరే మాట లేదు. బాణం వేసి చూడకుండానే పది పన్నెండుసార్లు ఉత్తిగా లాగి లాగి వదిలిపెట్టాను. మెల్లగా వదిలాను, ఉత్త నారి వదిలితే రెక్కలు పగులుతాయి.

లోపలికొచ్చి తూచాను. పన్నెండు.

మార్చి 25

ఇక అంకె వెయ్యాలి. చేసిన ప్రతి విల్లుకూ పొట్ట మీద, పిడికి కిందగా, కాలిన ఇనప తీగతో దాని బరువు వేస్తాను. మైదానంలో డ్రిల్లు మాస్టారు ఆ అంకె చదివి ఏ గీతకు పోవాలో చూపిస్తారు. మైదానంలో సున్నం గీతలు గీసేదీ ఆయనే, తగువులు తీర్చేదీ ఆయనే. బయట కొన్న విల్లులన్నిటినీ త్రాసు మీద పెట్టిస్తారు. నావి పెట్టించరు. "నీ అంకె ఉన్నాక త్రాసెందుకయ్యా," అంటారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ పెట్టించలేదు.

బావమరిది సాయంత్రం వచ్చాడు. వద్దనకముందే విల్లు తీసుకుని లాగేశాడు. లాగి, నారి మెల్లగా వదిలి, నా మొహం చూడకుండా నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను, వాడు ఒక నిమిషం పాటు మాట్లాడకుండా ఉండడం ఇదే మొదలు.

"ఎంత వేస్తున్నావు బావా?"

"పన్నెండు కదా ఉంది."

"ఉంది సరే. ఎంత వేస్తున్నావు?"

నేను ఇనప తీగను గుడ్డతో తుడిచాను.

"పదహారు వేసెయ్. మాస్టారు తూచరు. నేను నోరెత్తను. ఏడాదిలో నీ భుజం బాగుపడుతుంది, ఇంకో విల్లు చేసుకుంటావు, దీన్ని పొయ్యిలో పెట్టేస్తాం. అంతే."

"పన్నెండు కిలోలతో దూరపు గీత నుంచి వేస్తే బాణం గురి దాకా చేరుతుందా?"

"పైకెత్తి వెయ్. చేరితే చేరుతుంది. చేరకపోతే గాలి అనుకుంటారు," అని, గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు పక్కన లేకపోతే నేను అక్కడ ఎవడితో పోట్లాడను?"

వాడు నన్ను ఇష్టపడతాడని ఇరవై ఒక్క ఏళ్ళలో నాకెప్పుడూ అనిపించలేదు. ఇప్పుడనిపించి మరీ ఇబ్బందిగా ఉంది.

మార్చి 26

తీగ కాల్చి "1" వేశాను.

పదహారుకైనా మొదట ఒకటే, పన్నెండుకైనా మొదట ఒకటే. ఇంతవరకు వేసింది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. తీగ చల్లారిపోయింది. మిగతాది రేపు.

పదహారు వేస్తే ఎవరికి నష్టం? ఎవరికీ లేదు. దూరపు గీత దగ్గర నా పక్కన ఉండేవాళ్ళంతా నావాళ్ళే. గెలవాలని కూడా లేదు. ఊరికే అక్కడ నిలబడాలి. అక్కడ లేకపోతే మైదానంలో నేనెవరినో నాకే తెలియదు.

మార్చి 27

నేను తీగ చేతిలో పట్టుకుని కూర్చుని ఉంటే ఆవిడ తన విల్లు పట్టుకొచ్చింది.

"దీన్ని ఒకసారి తూచండి."

"ఎందుకు?"

"తూచండి, చెబుతాను."

తూచాను. "పదకొండుకు పావు తక్కువ. ఆరేళ్ళకు ఆపాటి తగ్గుతుంది."

"అయితే చేసినప్పుడు పదకొండే అన్నమాట."

నాకు ఒళ్ళు మండింది. "నా అంకె మీద అనుమానమా?"

"నాకు లేదు," అంది ఆవిడ తాపీగా. "మొదటి ఏడు నా బాణాలన్నీ ఎడమకు పోయేవి, గుర్తుందా? మీకు గుర్తుండదులెండి. అందరూ విల్లులోనే తేడా ఉందన్నారు. మావాడైతే బావ ఎక్కడో తప్పు అంకె వేసుంటాడు, ఇంకో రకం బాణాలు కొనుక్కో అక్కా అన్నాడు. ఆయన పదకొండంటే పదకొండేరా, తప్పు నా చేతిలో ఉంది అన్నాను. మూడునెలలు రోజూ పొద్దున పెరట్లో నిలబడి చెయ్యి మార్చుకున్నాను. ఆ అంకె ఒకటే నాకు ఆధారం. అది తప్పైతే నేను నేర్చుకున్నదంతా తప్పే."

"ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"ఎందుకో గుర్తొచ్చింది," అని విల్లు తీసుకుని వెళ్ళిపోయింది.

తెలిసి చెప్పిందా, తెలియక చెప్పిందా? ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈవిడ దగ్గర నాకు ఆ తేడా ఒక్కసారీ పట్టుబడలేదు. నా విల్లు కొన్నవాళ్ళందరూ ఒక్కొక్కరే కళ్ళ ముందుకు వచ్చారు. వాళ్ళందరూ నా అంకెను బట్టే బాణాలు కొనుక్కున్నారు, చెయ్యి దిద్దుకున్నారు. ఒకటి అబద్ధమని తెలిస్తే మిగతావాటిని ఎవరు నమ్ముతారు? నాకే నమ్మకం ఉండదు.

మార్చి 28

రెండో అంకె వేశాను.

మార్చి 29

రెక్కలకు మైనం రుద్దాను. భోజనం సహించలేదు. ఆవిడ రెండుసార్లు తింది.

మార్చి 30, ఆదివారం

మైదానంలో డ్రిల్లు మాస్టారు నా విల్లు అందుకుని, అలవాటుగా దూరపు గీత వైపు చెయ్యి చూపించేసి, అప్పుడు అంకె చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఏమయ్యా, పొరపాటున మీ ఆవిడది తెచ్చావా?"

"కాదండీ. నాదే."

"ఇందులో పన్నెండని ఉందే."

"పన్నెండే మాస్టారూ. కావాలంటే త్రాసు మీద పెట్టించండి."

"నీదాన్నా?" అన్నారాయన కోపంగా. ఆ కోపం నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయలేను. తర్వాత చెయ్యి దించి, దగ్గరి గీత వైపు చూపించారు.

బావమరిది దూరపు గీత దగ్గర నుంచి అంతా చూస్తున్నాడు. "నీకు బుద్ధి లేదు బావా!" అని అక్కడినుంచే అరిచాడు. తర్వాత తెలిసింది, వాడు ఇవాళ మూడో స్థానంలోకి పోయాడు. పక్కనున్నవాళ్ళు మర్యాదస్తులు కావడంతో పోట్లాట కుదరక ఏకాగ్రత చెడిందట.

దగ్గరి గీత దాకా వందడుగులుంటుంది. నడుస్తుంటే మైదానమంతా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. నిజానికి ఎవరూ చూడలేదు, అందరూ తమ నారులు కట్టుకుంటున్నారు. నా మొహం మాడిపోయి ఉందని మాత్రం నాకు తెలుసు.

ఆవిడ నన్ను చూసింది. ఏం జరిగిందని అడగలేదు. ఆశ్చర్యపోనూ లేదు. "కొత్తవాళ్ళు ఆ చివర నిలబడాలి," అంది.

ఆ చివర నిలబడ్డాను. నా పక్కన తొమ్మిదేళ్ళ పిల్ల, రెండు జడలు, నా మోచేతి ఎత్తు కూడా లేదు. "భయపడకండి తాతగారూ, మొదటి బాణం అందరికీ తప్పుతుంది," అంది. మొదటి బాణం తప్పింది. రెండోది తగిలింది. మూడోది మధ్యకు నాలుగు వేళ్ళ దూరంలో దిగింది. నేను ఎగిరి గంతేశాను. ముప్ఫై ఏళ్ళలో దూరపు గీత దగ్గర ఎన్నో మంచి బాణాలు వేశాను, ఎప్పుడూ గంతేసిన గుర్తు లేదు.

ఈ గీత దగ్గర ఒక్కొక్కరే వేస్తారు, మిగతావాళ్ళు చూస్తారు. ఆవిడ వంతు వచ్చింది.

రెండు గీతల పోటీలూ ఒకే వేళకు మొదలవుతాయి, ఒకే వేళకు అయిపోతాయి. ఒకరు అటు తిరిగి, ఒకరు ఇటు తిరిగి ఉంటాం. ఆరేళ్ళుగా ఆవిడ ఫ్లాస్కులు తెస్తుంటే చూశాను గానీ, బాణం వేస్తుండగా ఇంతవరకు చూడలేదు. ఒక్కసారీ చూడలేదు.

ఆవిడ కాళ్ళు సరిచేసుకుంది. భుజాలు దించింది. ముందు నా కన్ను అలవాటు ప్రకారం విల్లు మీదికే పోయింది. పై రెక్కా, కింది రెక్కా ఒక్కలాగా వంగుతున్నాయి, ఎక్కడా తొందర లేదు. ఆ విల్లు ఇంత అందంగా వంగుతుందని చేసిన నాకే తెలియదు. తర్వాత విల్లును మరిచిపోయి మనిషిని చూశాను. నారి చెంప దాకా వచ్చింది. ఆవిడ మొహంలో ఇంట్లో ఎప్పుడూ కనిపించని ఒక నిదానం ఉంది. బాణం వెళ్ళి సరిగ్గా మధ్యలో దిగింది. ఈ మనిషి ఎవరు, ఇన్నేళ్ళూ నేను ఎక్కడ నిలబడ్డాను అనిపించింది. సిగ్గు కూడా వేసింది.

చప్పట్లు కొట్టాను. మాస్టారు కసిరారు, మధ్యలో చప్పట్లు కొట్టకూడదట.

అప్పుడు ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. ఆ తర్వాతి రెండు బాణాలూ పక్కకు పోయాయి.

మొదటి బహుమతి రెండు జడల పిల్లకు వచ్చింది. ఆవిడ రెండోది. నేను ఆరోవాణ్ణి. ఆ పిల్లకు ఫ్లాస్కు ఇచ్చారు, ఎత్తుకుని పరుగెత్తింది.

ఇంటికి నడిచి వస్తుంటే ఆగలేక అడిగాను. "ఆరేళ్ళలో నేను ఒక్కసారీ నీ వైపు చూడలేదు. నీకు కోపం రాలేదా?"

"రాకేం. ఆ కోపంతోనే కొట్టేదాన్ని," అంది. "ఇవాళ మీరు అలా కళ్ళప్పగించి చూస్తుంటే చెయ్యి ఆడలేదు. వచ్చే ఏడు అటు తిరిగి నిలబడండి."

తిరగనని చెప్పాను.